బొమికల గిన్నె

పైడిరాజు తినేసిన బొమికను గిన్నెలో వేసినప్పుడల్లా బల్ల ఒక జానెడు పొడుగవుతుంది. మొదట్లో అతను పట్టించుకోడు. కొత్త హోటలు కదా, వీళ్ళ బల్లలు ఇలాగే ఉంటాయి కాబోలు అనుకుని ఇంకో రెక్క అందుకుంటాడు.

ఎదుటి కుర్చీలో అతని భార్య కుసుమ కొంచెం కొంచెంగా దూరం జరుగుతుంది. జరిగేది ఆమె కాదు, కుర్చీ. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, బట్టల సంచీని కాళ్ళ దగ్గర నిలబెట్టుకుని, తన కంచంలో రెక్కలు ముట్టకుండా, ఎప్పట్లాగే అతని చేతివైపు చూస్తూ కూర్చుంటుంది.

విజయనగరంలో ఇది కోడి రెక్కలు మాత్రమే అమ్మే హోటలు. కోడిలో మిగతాది ఏమవుతుందో ఎవరూ అడగరు. గోడ మీద మంటలు కక్కే కోడిపుంజు బొమ్మ, ప్రతి బల్ల మీదా చేతులకి తొడుక్కోవడానికి పాలిథిన్ గ్లవుజులు. మోటార్లకి వైండింగ్ చేసి చేసి వేళ్ళు కాయలు కాసిన పైడిరాజుకి అవి నచ్చవు. ఉత్త చేత్తోనే తింటాడు.

కుసుమ పొద్దున్నే చెప్పేసింది, బొబ్బిలిలో అక్క దగ్గరికి వెళ్ళిపోతానని. అక్కకి కుట్టు దుకాణం ఉంది, అందులో ఒక మిషను ఖాళీగా ఉంది. తగువు లేదు, ఏడుపు లేదు. "మీరు తినీవోరు, మీ అమ్మ తినీది, వచ్చినోళ్ళందరూ తినీవోరు. నాను తిన్నానో లేదో ఒక్కలూ అడగలేదండీ," అంది, అంతే. పైడిరాజు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "ఖాళీ కడుపుతో ఎలాగెల్తావు, తినీసి ఎల్దువుగాని," అన్నాడు. తనకి వంట రాదు కాబట్టి ఇక్కడికి తీసుకొచ్చాడు. ఇంట్లో అతను తిని లేచాకనే ఆమె అదే కంచంలో పెట్టుకుని, వంటింట్లో గోడవైపు తిరిగి తినేది. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోవడం పెళ్ళయ్యాక ఇదే మొదలు.

"నువ్వూ తినవే," అంటాడు పైడిరాజు.

"మీరు తినీయండి. మీరు లేచాక నాను తినీసి బయలెల్తాను."

అప్పుడు తడుతుంది అతనికి. తను తింటున్నంతసేపూ ఆమె ముట్టదు. ముట్టనంతసేపూ కదలదు. ఇంత తేలికైన ఉపాయం చేతిలో పెట్టుకుని పొద్దుటినుంచీ గుండెలు బాదుకున్నాడు, పిచ్చి మారాజు! వెంటనే ఇంకో ప్లేటు చెప్తాడు. అది అవగానే ఇంకోటి.

తరవాతి ప్లేటుని సర్వరు సైకిలు మీద తెస్తాడు. బల్ల అంతుంది మరి. సర్వరు నల్ల టోపీ పెట్టుకున్న నడివయసు మనిషి.

"ఏటి బాబూ, ఈ బల్ల ఇలాగ పెరిగిపోతంది?"

"పెంచుతున్నది తమరేనండి. గిన్నె వరకే మాది."

"ఆగాలంటే?"

"తినడం ఆపీయండి."

"ఆపితే ఆవిడ ఎల్లిపోద్ది."

సర్వరు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని బల్ల అవతలి చివరకి చూస్తాడు. "ఆవిడికి ఆకలేస్తన్నట్టుందండి," అని సైకిలు తిప్పుకుని వెళ్ళిపోతాడు.

పైడిరాజు బొమికలు గిన్నెలో వేయడం మానేస్తాడు. ఒక్కొక్కటీ బుగ్గన పెట్టుకుంటాడు. బల్ల ఆగుతుంది. హమ్మయ్య అనుకుంటాడు. ఇక ఎన్నాళ్ళయినా ఇలాగే గడిపేయొచ్చు. బుగ్గలు ఉబ్బిపోతున్నా ఇంకో రెక్క తీసుకుంటాడు.

అవతల కుసుమ సన్నబడుతూ ఉంటుంది. గాజులు మోచేతుల దాకా జారిపోతాయి. ఆమె పేగులు అరిచిన చప్పుడు బల్ల పొడవునా నడిచి వచ్చి, అతని గ్లాసులో నీళ్ళని వణికిస్తుంది. ఈ చప్పుడు ఇన్నేళ్ళూ వంటింట్లో ఉండేది. అతను ముందు గదిలో టీవీ చూస్తూ ఉండేవాడు.

పైడిరాజుకి ఏడుపొస్తుంది. నోటి నిండా బొమికలతో ఏడవడం కూడా కుదరదు. వెళ్ళిపోకు అని చెప్పాలి. చెప్పాలంటే నోరు ఖాళీ చెయ్యాలి. నోరు ఖాళీ చేస్తే ఆమె మాట వినపడనంత దూరం వెళ్ళిపోతుంది. ఏం చెయ్యాలో తోచక ఎడమ చెయ్యి గాలిలో ఊపుతాడు. అతనికి మంచినీళ్ళు కావాలేమో అనుకుని కుసుమ సగం లేస్తుంది. వద్దు వద్దని అతను తల అడ్డంగా ఆడిస్తాడు. ఆమె మళ్ళీ కూర్చుంటుంది. ఆకలితో ఉన్న మనిషి, తనకి నీళ్ళివ్వడానికి లేచింది. ఇంతకన్నా పెద్ద చెంపదెబ్బ ఏముంటుంది?

అతను వంగి బొమికలన్నీ గిన్నెలోకి వదిలేస్తాడు.

బల్ల గోడలోంచి బయటికి వెళ్ళిపోతుంది. గోడకి ఏమీ కాదు. ఆటోల మీదుగా, జామకాయల బళ్ళ మీదుగా, గంటస్తంభం పక్కనుంచి సాగి సాగి, కుసుమని శనగగింజంత చేసి ఎక్కడో ఆగుతుంది. పైడిరాజు కంచంలో చెయ్యి కడిగేస్తాడు. లేచి నిలబడతాడు.

"కుసుమా! నాను లేచీసాను! నువ్వు తినే! కడుపు నిండా తినే!"

ఎల్లకు అన్న మాట కూడా నాలిక చివరే ఉంది. అది బయటికొస్తే ఆమె ముద్ద మధ్యలో ఆగిపోతుంది. అందుకని దాన్ని మింగేస్తాడు. అది గొంతు గీరుకుంటూ దిగుతుంది.

జామకాయలు అమ్మే ఆవిడ అతని కేకని అందుకుని పక్కబండికి ఇస్తుంది. "తినమంటన్నాడమ్మా," అంటూ ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి అది ఆమె దాకా వెళ్తుంది. పైడిరాజు చెవి బల్లకి ఆనిస్తాడు. చాలాసేపు ఏమీ వినపడదు. తరవాత చిన్నగా, కరకరమని కొరికిన చప్పుడు. ఇన్నేళ్ళలో ఆమె తింటుంటే అతను ఎన్నడూ వినలేదు. ఎంత నెమ్మదిగా నములుతుందో! ఆమె తింటున్నందుకు సంతోషం, తినడం అయిపోతుందేమోనని భయం, రెండూ కలిసి అతన్ని నిలవనివ్వవు.

వెనకనుంచి హారను మోగుతుంది. బొబ్బిలి బస్సు హోటల్లోకి వచ్చి బల్ల ఎక్కుతుంది. కండక్టరు తల బయటపెట్టి, "కంచం తీయండి సార్, దారికడ్డం," అంటాడు. పైడిరాజు కంచం తీస్తాడు. బస్సు అతని ముందునుంచే, బల్ల మీద పడిన మెతుకంత చప్పుడు కూడా చెయ్యకుండా, కుసుమ వైపు వెళ్తుంది.

అంత దూరం కనపడకూడదు. అయినా కనపడుతుంది. ఆమె కంచం దగ్గర బస్సు ఆగుతుంది. కండక్టరు టికెట్ల సంచీ పక్కన పెట్టి ఆమెకి వడ్డిస్తాడు. ప్రయాణికులందరూ దిగి, తలో గ్లాసు నీళ్ళు పట్టుకుని ఆమె చుట్టూ వరసగా నిలబడతారు. ఒక్కరూ తొందర పెట్టరు. కుసుమ చెయ్యెత్తి ఇంకో ప్లేటు చెప్తుంది. అది చూసి బస్సు దీపాలు ఆర్పేస్తుంది, చక్రాలు కిందికి మడుచుకుని ఆమె కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంటుంది.