మా ఆయన చేసిన టేకు బల్ల

నారాయణగూడలో కొన్న నా బల్ల అసలు చెక్కే కాదు. రంపపు పొట్టును జిగురుతో అదిమి, పైన టేకు గీతల కాగితం అంటించిన పార్టికల్ బోర్డు. ఆ సంగతి అమ్మినవాడే చెప్పాడు. ఒప్పుకోనిది మా ఆయన జగన్మోహన్ ఒక్కరే. నాకు దాని జాతకంతో పనిలేదు. మా చిక్కడపల్లి కిరాయి ఇంట్లో గ్రూప్ టూ పరీక్షకు చదువుకోవడానికి నాకంటూ ఉన్న చోటు అదొక్కటే. వయసు దాటిపోతోంది కాబట్టి ఇదే ఆఖరి అవకాశం కూడా.

ఒక అంచున కాగితం కాస్త లేచింది. అంతే, మా ఆయనలోని వడ్రంగి నిద్రలేచాడు.

"దసరాకు మా ఆఫీసోళ్లు భోజనానికొస్తున్నరు. గీ బల్ల జూస్తే ఇజ్జత్ పోతది. రెండ్రోజులియ్యి భాగ్యా, టేకు లెక్క చేసి చూపిస్త" అన్నారు.

"పరీక్ష అయినంక చెయ్యరాదుండ్రి?"

"పుస్తకమే కదా, ఒళ్లో పెట్టుకొని చదువు."

ఆ రెండ్రోజులు దసరా దాకా సాగాయి. కాగితం గీకారు, గరుకు కాగితంతో రుద్దారు, గుంటలకు లప్పం పెట్టారు, మళ్లీ రుద్దారు. ఇల్లంతా పొడి, ఉప్మాలో కూడా పొడే. నేను వంటింటి గడప మీద కూర్చుని, అడిగినప్పుడల్లా కుంచె అందిస్తూ, ఒళ్లో రాజ్యాంగం చదువుకున్నాను. ప్రాథమిక హక్కుల పాఠం మహా సరదాగా ఉండేది.

చివరికి గోధుమరంగు ఆయిల్ పెయింట్ వేసి, అది ఆరకముందే దువ్వెనతో టేకు గీతలు గీశారు. నా దువ్వెనతోనే. నిజం చెప్పొద్దూ, బాగుంది. పక్కింటి రాఘవేందర్ అసలు టేకే అనుకున్నాడు. ఆ మెప్పుకు పొంగిపోయి, బల్ల అడుగున రంగు వేయడం మానేశారు. "కింద ఎవడు జూస్తడు?" అన్నారు.

మా ఇళ్లల్లో దసరా ముందు రోజు సామానంతా వాకిట్లోకి వచ్చి స్నానం చేయాల్సిందే. మంచాలు, పీటలు, డబ్బాలు, దేనికీ మినహాయింపు లేదు. బల్లను మాత్రం తుడిచి లోపలే ఉంచాను. ఆయన దాన్ని మోసుకొచ్చి, పంపు దగ్గర తిరగేసి, బకెట్ ఎత్తారు.

"దానికి నీళ్లొద్దు! లోపలంత పొట్టే ఉన్నది!" అని అరిచాను.

"టేకుకు నీళ్లతోని ఏమైతది?" అంటూ కుమ్మరించారు.

పాపం, అందరికంటే ముందు ఆయనే నమ్మేశారు.

మధ్యాహ్నానికి బల్ల చాయ్‌లో ముంచిన ఉస్మానియా బిస్కెట్‌లా ఉబ్బింది. సాయంత్రానికి కాళ్లు ఊడాయి. మర్నాడు ఆఫీసువాళ్లు కింద కూర్చుని తింటుంటే, "ఈ కాలంల టేకు గూడ కల్తీనే" అని మా ఆయన నిట్టూర్చారు. వాళ్లు తలలూపారు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. బల్ల పోయినందుకు కాదు, చదువు సరిగ్గా సాగకుండా పోయిన రోజులకు.

పండగ కాగానే పుస్తకాలు సంచిలో వేసుకుని చిక్కడపల్లి లైబ్రరీకి నడిచాను. పొద్దున వెళ్తే దీపాల వేళకే తిరిగి రావడం. అక్కడ కుంచె అడిగేవాళ్లు లేరు, చాయ్ అడిగేవాళ్లూ లేరు.

వారం తిరిగేసరికి మా ఆయన మొహం వాడిపోయింది. మాడిన ఉప్మా కలుపుతూ, "అసలు టేకు బల్లనే కొంట భాగ్యా. ఇంట్లనే చదువుకో" అన్నారు.

"కొనుండ్రి. కూరగాయలు కోసుకోనీకి మీకు అక్కరకొస్తది" అని, రేపటి పుస్తకాలు సంచిలో సర్దుకున్నాను.