అయిదు తాళాల ప్యాంటు

ప్యాంటు మాస్టరంటే ఆ వీధిలో పెద్ద పేరు. ఆయన కుట్టింది తొడుక్కుంటే ఎంత బానపొట్టకైనా నడుమనేది ఒకటుందని తెలుస్తుంది. అలాంటి మనిషి కొడుకు, నాలుగేళ్ల బుడంకాయ, బళ్లో రోజుకు మూడు ప్యాంట్లు తడుపుతున్నాడు.

సోమవారం పంతులమ్మ మొహమ్మీదే చెప్పేసింది. "శుక్రవారం దాకా చూస్తాను. ఆ రోజూ పోశాడంటే ఇక వచ్చే ఏడే తీసుకురండి. మా ఆయా నేల తుడవలేక చస్తోంది."

మాస్టరుకు చీమ కుట్టినట్టయినా లేదు. గుండెల్లో రాయి పడింది పెళ్లానికి. నాలుగేళ్లు ఇంట్లో కూచుని, మూణ్ణెల్ల కిందటే బస్సు కండక్టరుగా చేరింది. బుడంకాయ ఇంట్లో ఉండిపోతే టిక్కెట్ల మిషను అప్పజెప్పి రావలసింది ఎవరో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"నీళ్లు పట్టించడం మానెయ్యవే," అంది అత్తగారు. మానేస్తే వాడు వెళ్లి చేతులు కడిగే పంపుకింద నోరు పెట్టాడు.

బుధవారం ఆమెకు సెలవు. బడికెళ్లి వెనక బల్ల మీద ఒదిగి కూచుంది. పదకొండింటికి బుడంకాయ లేచి, "వస్తోంది టీచర్!" అని పరిగెత్తాడు. వేళకే వెళ్లాడు. ఆమె వెనకాలే వెళ్లి మరుగుదొడ్డి తలుపు పక్కనుంచి తొంగి చూసింది. వాడు గట్టు ముందు నిలబడి బెల్టుతో కుస్తీ పట్టాడు. తర్వాత హుక్కు. దాని పక్కన బయటి గుండీ. దాని వెనక లోపలి గుండీ. నాలుక బయటపెట్టి జిప్పు దాకా వచ్చేసరికి, పని కాళ్లవెంట కారిపోయింది.

"ఓరి నీ అయ్య కుట్టు తగలెయ్య!" అంది తల్లి.

సాయంత్రం ఇంటి ముందు కొట్లో యుద్ధం మొదలైంది.

"ఎలాస్టిక్కా?" మాస్టరు కత్తెర బల్ల మీద కొట్టాడు. "నా కొడుక్కి దిండు గలీబు తొడగమంటావా? వాడికి చేతకాకపోతే నా ప్యాంటుదా తప్పు?"

"సరే. ఈ చెంబెడు నీళ్లు తాగు. ఆ టీ కూడా. ఆపుకోలేని వేళ చెప్పు, నీ ప్యాంటు నువ్వే విప్పుకుందువుగాని. చేతులకు మాత్రం ఈ ఉన్ని మేజోళ్లు. వాడి వేళ్లకున్న ఒడుపు ఇంతే."

"ఓస్, అంతేనా!" అన్నాడు మాస్టరు.

గంట తర్వాత గట్టిగా కాళ్లు మెలేసుకుని స్నానాలగది దగ్గరికొచ్చాడు. ఆమె మేజోళ్లు తొడిగి గోడకు ఆనుకుని నిలబడింది. బెల్టు ఊడింది. హుక్కు దగ్గర చెమటలు పట్టాయి.

"నువ్వు తియ్యవే!"

"వాడికి పంతులమ్మ తీస్తోందా?"

"ఏవే, నీకు దణ్ణం పెడతా!"

"ఎలా పెడతావు, నీ చేతులు ఖాళీగా లేవుగా!"

లోపలి గుండీ దగ్గర మాస్టరు ఒక్కసారి ఆగిపోయాడు. మొహం మారింది. ఊరందరి ప్యాంట్లకూ కొలతలు తీసిన మనిషి, తన ప్యాంటు ముందు అరచేతి మందాన తడి చూసుకున్నాడు. అత్తగారు వంటింట్లోంచి, "ఏమైందిరా?" అంది.

"టీ ఒలికిందమ్మా," అన్నాడు మాస్టరు.

బట్టలు మార్చుకుని తిన్నగా మిషను దగ్గర కూచున్నాడు. బుడంకాయ ప్యాంట్లన్నిటికీ ఎలాస్టిక్ వేశాడు. పౌరుషం చావక ముందువైపు ఉత్తుత్తి జిప్పు పట్టీ ఒకటి కుట్టాడు. తెరుచుకోదు. చూడ్డానికి మాత్రం దొరబాబు ప్యాంటే.

శుక్రవారం ఆమె డ్యూటీలో ఉంది. చిల్లరంతా తప్పు లెక్కే. ఒక ముసలాయనకు టిక్కెట్టు రెండుసార్లు కొట్టింది. బస్సు బడి ముందు ఆగేసరికి మాస్టరూ కొడుకూ స్టాపులో నిలబడి ఉన్నారు. బుడంకాయ ఒంటి మీద పొద్దున తను తొడిగిన ప్యాంటే! ఆమె మెట్టు మీదికి దూకింది.

"పంతులమ్మ సోమవారం కూడా రమ్మందే!" అని అరిచాడు మాస్టరు.

"అమ్మా, ఎంత తొందరగా ఊడొస్తోందో చూడు!" అంటూ బుడంకాయ బస్సు నిండా జనం చూస్తుండగా ప్యాంటు సర్రున మోకాళ్ల దాకా లాగేశాడు.

"ఎత్తుకోరా వెధవా, పరువు!" అంది. నవ్వాగక విజిల్ మూడుసార్లు ఊదితే గాని మోగలేదు. బస్సు కదిలింది.