పిల్లి ఎదురురాని బుధవారం

ఇటు జరగండర్రా, ఇంకా దగ్గరికి. ఆ ఫ్యాను కట్టేయండి, దాని రొదలో సగం మాటలు కొట్టుకుపోతాయి. మా వకుళ సంగతి చెబుతాను. వకుళ నా కూతురి కూతురు. తియాన్‌జిన్ అని చైనాలో పెద్ద ఊరు, సముద్రానికి దగ్గర. అక్కడి పిల్లాణ్ణి చేసుకుంది. నేను ఆ ఊరు చూడలేదు, అయినా చూసినట్టే చెబుతాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

రేపల్లె నుంచి తిరిగి వెళ్ళిన వకుళ తియాన్‌జిన్‌లో విమానం దిగుతుంది. ఆమె వెనకే ఏడు రోజులు దిగుతాయి.

ఒక్కొక్కటీ మనిషెత్తు ఉంటుంది. ముఖాలుండవు. ముఖం ఉండాల్సిన చోట ఆ రోజు తాలూకు వెలుగు ఉంటుంది. అన్నిటికంటే ముందు గురువారం, అన్నిటికంటే వెనక బుధవారం. పెట్టెలు తిరిగే చోట అవి కూడా వరసలో నిలబడతాయి, వాటికి పెట్టెలు లేకపోయినా.

పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టే అతను తల ఎత్తి చూస్తాడు. "ఇవి మీతో వచ్చినవేనా?"

"నాతోనే వచ్చాయి," అంటుంది వకుళ.

"అయితే దారిలో ఎక్కడా వదిలేయకండి. ఊడ్చేవాళ్ళు గోల పెడతారు."

ఆ ఏడూ ఎక్కడివో చెప్పాలి కదా. ఆ దేశపు మనిషిని చేసుకున్న పరాయి పిల్ల అక్కడ ఉండొచ్చు, వండుకోవచ్చు, మొగుడితో పోట్లాడుకోవచ్చు. పని మాత్రం చెయ్యకూడదు. ఐదేళ్ళు కాపురం చేసి, ఏడాదికి తొమ్మిది నెలలు ఆ గడ్డ మీదే ఉంటే శాశ్వతంగా ఉండే కార్డు ఇస్తారు. అది చేతికొస్తే ఏ పనైనా చేసుకోవచ్చు. అంటే ఏడాదిలో మూడు నెలలే బయట ఉండాలి. తొంభై రోజులు. వకుళకి అది ఐదో ఏడు. చెల్లెలి పురుడికని రేపల్లె మా ఇంటికి వచ్చి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ తొంభై రోజులు ఉంది. తొంభై ఒకటో పొద్దున బయల్దేరబోయింది.

నేను ఆపాను. గురువారం గడప దాటుతుంటే ఎవరో ఒంటి తుమ్ము తుమ్మారు. ఆడపిల్ల శుక్రవారం పుట్టిల్లు వదలకూడదు. శనివారం తూర్పుకి వారశూల. ఆదివారం అమావాస్య, మర్నాడు పాడ్యమి. మంగళవారం అంటే ఇక చెప్పేదేముంది. ఇన్ని తప్పించుకుని బుధవారం పెట్టె ఎత్తుకుంటే పిల్లి ఎదురొచ్చిందన్నాను. "అమ్మమ్మా, అక్కడ వాళ్ళు రోజులు లెక్కపెడతారే," అని మొత్తుకుంది. "ఏడు రోజులు ఏపాటే? అంత పెద్ద దేశంలో ఏ మూలో సర్దుకుంటాయిలే," అన్నాను.

ఇప్పుడవి పద్నాలుగో అంతస్తులో, వకుళ ఇంట్లో సర్దుకుంటున్నాయి. ముగ్గురు కూర్చునే సోఫా పదిమందికి సరిపడా సాగుతుంది. దానికి చోటివ్వడానికి గది బాల్కనీ దాటి నాలుగు బారలు గాల్లోకి వెళుతుంది. మంగళవారం కూర్చున్న వైపు పదిన్నర ఎండ కాస్తుంది. అమావాస్య ఆదివారం కూర్చున్న చోట చీకటి, దాని పక్కన పేపరు చదవాలంటే దీపం పెట్టుకోవాలి. గురువారం గంటకోసారి తుమ్ముతుంది. తుమ్మినప్పుడల్లా వకుళ వేసిన అడుగు వెనక్కి తీసుకుంటుంది.

బుధవారం ముందు ఒక ఖాళీ అడ్డంగా తిరుగుతూ ఉంటుంది. పిల్లి ఉండాల్సినంత ఖాళీ. దానికి వకుళ గిన్నెలో పాలు పోస్తుంది. అది తాగుతుంది. పాలు తగ్గవు.

వకుళ మొగుడు హైబో లిఫ్టులు బాగుచేస్తాడు. నెమ్మదైన మనిషి. "వీళ్ళను పోలీస్‌స్టేషన్‌లో రాయించావా?" అని అడుగుతాడు. ఇంటికి కొత్తగా ఎవరొచ్చినా ఇరవైనాలుగు గంటల్లో రాయించాలి.

"రాయించడానికి తీసుకెళ్ళాను. అక్కడికి చేరేసరికి రోజు అయిపోయిందన్నారు. మళ్ళీ మొదట్నుంచి రమ్మన్నారు."

"న్యాయమే," అంటాడు హైబో, అని పానా తీసుకుని పనికి వెళ్ళిపోతాడు.

హైబో తల్లి పేరు షూఫెన్. వీధి మలుపులో బండి మీద అట్లు పోస్తుంది. పెసరపిండి జారుగా పోసి, కర్రపలకతో చుట్టూ తిప్పి, పైన గుడ్డు కొట్టి, వేయించిన పిండికడ్డీ పెట్టి మడిచి ఇస్తుంది. జ్యెన్‌బింగ్ అంటారట. పేరు ఏదైతేనేం, అది మన పెసరట్టే, చలికోటు తొడుక్కుంది. ముప్ఫై ఏళ్ళ నుంచి ఆ మలుపు ఆవిడదే. ఇప్పుడు ఆవిడ కుడి మణికట్టు పని చెయ్యడం లేదు. కర్రపలక తిప్పుతుంటే చెయ్యి మధ్యలో ఆగిపోతుంది. ఆ చోటు ఇంటివాళ్ళలో పని చెయ్యగలవాళ్ళ పేరు మీదకి రేపటిలోగా మార్చాలి. లేకపోతే వేరేవాళ్ళకి ఇస్తారు. బండి పక్కనే నిలబడి వకుళ ఐదేళ్ళుగా చూస్తోంది. పిండి రుబ్బింది, ఉల్లికాడ తరిగింది, కానీ కొనేవాళ్ళ ముందు ఒక్కసారి గరిటె పట్టలేదు. పడితే తప్పు.

"ఈ ఏడింటినీ చూసి నీ కార్డు ఆపుతారంటావా?" అడుగుతుంది షూఫెన్.

"ఆపుతారు అత్తమ్మా."

"మీ అమ్మమ్మకి ఇన్ని కారణాలు ఎలా దొరికాయే?"

"వెతికితే దొరుకుతాయి, ఆవిడకి."

షూఫెన్ గోడకున్న క్యాలెండరు తీసి చంకలో పెట్టుకుంటుంది. "పద, నేనూ వస్తాను."

కార్డులిచ్చే ఆఫీసు మెట్లు ఎక్కుతారు. హాల్లో కుర్చీలు వరసగా ఉంటాయి. ఒక్కో రోజు కూర్చున్నప్పుడల్లా హాలు ఒక కుర్చీ పొడుగు సాగుతుంది, కౌంటరు అంత దూరం జరుగుతుంది. వకుళ కూర్చోదు. కాలుగాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతుంది. ఆ ఖాళీ కూడా ఆమెతోపాటే తిరుగుతుంది, తనకి తోడు దొరికిందన్నట్టు.

"కూర్చోవే, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అంటుంది షూఫెన్.

"కూర్చుంటే ఇంకా దూరం జరుగుతుంది అత్తమ్మా."

నిజమే. అందుకని షూఫెన్ కూడా లేచి నిలబడుతుంది. ఇద్దరూ నడుస్తారు. ఎంతసేపు నడిచారో, హాలు గోడల రంగు రెండుసార్లు మారుతుంది. చివరికి కౌంటరే విసిగి ఎదురొస్తుంది.

కౌంటరు వెనక కళ్ళద్దాల ఆవిడ, ముందు ఫ్లాస్కు. అందులో టీ కోసం వేసిన చామంతులు విచ్చుకుని ఉంటాయి. కాగితాలు ఒక్కొక్కటీ తిప్పుతుంది. పెళ్ళి పుస్తకం ఎర్రది, సరే. ఇంటి కాగితం సరే.

"ఏడు రోజులు ఎక్కువ బయట ఉన్నారు."

"వెనక్కి తెచ్చేశాను. అవిగో, కూర్చున్నాయి."

ఆవిడ కళ్ళద్దాల పైనుంచి చూస్తుంది. "తెచ్చినందుకు సంతోషం. చాలామంది అక్కడే పారేసి వస్తారు. కానీ ఎందుకు ఆగారో ఆధారం కావాలి. ముద్రపడ్డ ఆధారం."

తుమ్ముకి ముద్ర ఎవరు వేస్తారు చెప్పండి. షూఫెన్ క్యాలెండరు తీసి కౌంటరు మీద పెడుతుంది. రోజుకో కాగితం చింపే క్యాలెండరు, మన గోడల మీద ఉండేలాంటిదే. ప్రతి కాగితం మీద ఆ రోజు ఏం చెయ్యొచ్చో, ఏం కూడదో అచ్చువేసి ఉంటుంది.

"కోడలు వస్తానన్న తొంభై రోజులూ చింపాను. తొంభై ఒకటో పొద్దున రాలేదు. రాకుండా నేనెందుకు చింపాలి? అప్పట్నుంచి చెయ్యి పెట్టలేదు. మా ఇంట్లో ఆ ఏడు రోజులు ఇంకా అవలేదు."

కళ్ళద్దాల ఆవిడ కాగితాలు ఎత్తి ఎత్తి చదువుతుంది. "గురువారం. ప్రయాణం కూడదు." గురువారం కుర్చీలోంచి లేచి, ఆఖరుసారి తుమ్మి, కాగితంలోకి వెళ్ళిపోతుంది. హాలు ఒక కుర్చీ తగ్గుతుంది. "శుక్రవారం. ప్రయాణం కూడదు." శనివారం కూడదు. అమావాస్య లోపలికి వెళుతుంటే దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలుగుతాయి. సోమవారం, మంగళవారం కూడా వెళతాయి.

షూఫెన్ మోచేత్తో వకుళని పొడుస్తుంది. "మీ అమ్మమ్మ తెలివైందే. చదువుకుందా?"

"మూడో తరగతి."

"నాకంటే ఒకటి ఎక్కువ."

"బుధవారం," అని చదువుతుంది కళ్ళద్దాల ఆవిడ, చదివి ఆగుతుంది. "పెళ్ళికి మంచిది. ఇంటికి దూలం ఎత్తడానికి మంచిది. ప్రయాణానికి చాలా మంచిది. మరి ఎందుకు ఆగారు?"

"పిల్లి ఎదురొచ్చింది," అంటుంది వకుళ.

"పిల్లిని పిలవండి."

ఖాళీ ఎగిరి కౌంటరు మీద కూర్చుంటుంది. ఆవిడ స్కేలు పెట్టి తల నుంచి తోక దాకా కొలుస్తుంది. "కొలత సరిపోయింది. పిల్లి లేదు."

వకుళ కాళ్ళు ఆగిపోతాయి. పొద్దుటి నుంచి అదే మొదటిసారి ఆగడం. ఒక్క రోజు. ఒక్క రోజుకి బండి పోతుంది, మలుపు పోతుంది, ఐదేళ్ళు మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టుకోవాలి.

అప్పుడు బుధవారం లేచి నిలబడుతుంది. దాని వెలుగు, తప్పు చేసినవాళ్ళు తల దించుకున్నట్టు, కాస్త కిందికి వాలుతుంది. మాట్లాడుతుంది. గొంతు నాది.

"ఇంకొక్క రోజు ఉండవే తల్లీ. పిల్లీ లేదు, గిల్లీ లేదు. నీ జడ ఇంకోసారి నా చేత్తో వేసుకుంటాను."

కళ్ళద్దాల ఆవిడ ఫ్లాస్కు మూత బిగిస్తుంది. "ఈ రోజు మీది కాదు. మీరు ఉండలేదు, మిమ్మల్ని ఆపి ఉంచారు. ఎవరిది?"

"మా అమ్మమ్మది."

"అయితే మీ లెక్కలోకి రాదు. కానీ కాగితాలు లేకుండా దేశంలోకి వచ్చింది. ఇక్కడివాళ్ళెవరైనా బంధువుగా పిలిచినట్టు రాసిస్తే ఇక్కడే ఉండిపోవచ్చు. మళ్ళీ సొంతదారు దగ్గరికి వెళ్ళదు. వద్దంటే వెనక్కి పంపిస్తాం, అప్పుడు మళ్ళీ మీ లెక్కలోనే పడుతుంది. సొంతదారుని అడగండి."

వకుళ రేపల్లెకి ఫోను చేస్తుంది. నేను చేతులు తుడుచుకుని ఎత్తుతాను.

"అమ్మమ్మా, నీ బుధవారం ఇక్కడే ఉంచేయాలంట. మళ్ళీ రాదంట."

"ఆ ఒక్కటేనా?"

"కాదంట. ఇకముందు వచ్చేవన్నీనంట."

నేను స్టవ్ కట్టేస్తాను. బుధవారాలు నాకు ఏముంటాయా అని ఆలోచిస్తాను. ఎదురింటి కాంతమ్మ వచ్చి కబుర్లు చెబుతుంది. ముంజలబ్బాయి వస్తాడు ఎండాకాలంలో. నేను పుట్టింది కూడా బుధవారమే.

"ఉంచేసుకోండే. నేను అబద్ధమాడితే నువ్వెందుకు కట్టుకుపోవాలి," అంటాను. "ఏడవకు. ఫోను మీ అత్తగారికివ్వు."

షూఫెన్ తీసుకుంటుంది. "వదినగారూ, చెయ్యి ఎలా ఉంది?" అంటాను. ఆవిడ తన మాటల్లో ఏదో చాలాసేపు చెబుతుంది. "వేణ్ణీళ్ళ కాపడం పెట్టండి, బరువెత్తకండి," అంటాను. ఆవిడ ఊ కొడుతుంది. వకుళ మధ్యలో ఒక్క ముక్క కూడా తిప్పి చెప్పదు. అక్కర్లేకపోయింది.

షూఫెన్ ఎడమచేత్తో, వంకరటింకర అక్షరాలతో పిలుపుకాగితం రాస్తుంది.

"ఈ బుధవారం మీకు ఏమవుతుంది?" అడుగుతుంది కళ్ళద్దాల ఆవిడ.

"మా వదినగారిది. ఇంటి మనిషే అవుతుంది."

ముద్ర పడుతుంది. బుధవారం మెడలో చిన్న కార్డు వేస్తారు. వకుళ చేతికి పెద్ద కార్డు ఇస్తారు. దాని మీద ఫొటోలో వకుళ ఉంటుంది. ఆమె జడ నేను వేసినట్టే ఉంటుంది, ఆ రోజు ఆమె జుట్టు విరబోసుకుని వెళ్ళినా.

అప్పట్నుంచి నాకు మంగళవారం పడుకుంటే గురువారం తెల్లారుతుంది. మంగళవారం తోడుపెట్టిన పాలు గురువారానికి గడ్డపెరుగవుతాయి, పులవవు. "నిన్న పిలిస్తే పలకలేదేం పిన్నీ," అని కాంతమ్మ నిష్ఠూరమాడుతుంది. "నిన్న తియాన్‌జిన్‌లో ఉన్నాను," అంటాను. నవ్వుతుంది. నవ్వనీ.

కార్డు చేతికొచ్చిన మర్నాడు పొద్దున్నే మలుపులో బండి పెడతారు. చలికి అందరి నోళ్ళలోంచీ పొగలు. వరసలో ముందుగా బుధవారం నిలబడుతుంది, దాని చుట్టూ మాత్రం రేపల్లె ఎండ. షూఫెన్ పక్కకి జరిగి గరిటె ఇస్తుంది. "పలచగా తిప్పు. లావు అట్టు పోస్తే నా పరువు పోతుంది."

వకుళ పిండి పోసి కర్రపలక తిప్పుతుంది. అట్టు పెనం అంచు దాకా వెళుతుంది. అక్కడ ఆగదు. బండి దిగుతుంది, వరసలో వాళ్ళ కాళ్ళ కింద వెచ్చగా పరుచుకుంటుంది, వీధి చివర సముద్రం మీదికి పాకుతుంది. వకుళ తిప్పడం ఆపదు.

ఇక్కడ నా వంటింటి తలుపు కిందనుంచి సన్నటి పచ్చటి అంచు లోపలికి వస్తుంది, చుట్టూ సుర్రుమంటూ. నేను అట్లకాడ తీసుకుంటాను.

"తిప్పవే అమ్మమ్మా, మాడుతుంది!" అని అక్కణ్ణించి కేక.

నేను ఈ అంచు ఎత్తుతాను, తను ఆ అంచు ఎత్తుతుంది. సముద్రమంత అట్టు లేస్తుంది. దాని కింద నా బుధవారాలన్నీ వరసగా పడుకుని ఉంటాయి, నేను పుట్టిందానితో సహా. వాటి మధ్య ఒక పిల్లి, తెల్లటి పిల్లి, ఈసారి ఉన్న పిల్లి, గిన్నెలో పాలు తాగుతూ ఉంటుంది. పాలు తగ్గుతున్నాయి.

ఇదర్రా సంగతి. మనసులో పెట్టుకోండి. ఎవరైనా పెట్టె పట్టుకుని గడపలో నిలబడితే వాళ్ళకి చెప్పండి, ఆపేవాళ్ళకి కూడా చెప్పండి. మిగతా రోజులు నేను చెప్పుకుంటాను. బుధవారం నాడు మాత్రం మీరే చెప్పాలి, ఆ రోజు నేనిక్కడ ఉండను.