ఏడో గడి

మా బడి ఆఫీసులో నేను పద్దెనిమిదేళ్ళుగా గుమాస్తాని. నా కోపం ముక్కు మీదే ఉంటుందని స్టాఫ్ రూమంతా చెప్పుకుంటారు. నిజమే. కానీ ఇన్నేళ్ళూ ఆ కోపాన్ని ఫ్యాను మీదా, ప్రింటరు మీదా చూపించాను తప్ప, చూపించాల్సిన చోట చూపించలేదు.

బడి వదిలి వెళ్ళే పిల్లలకిచ్చే టీసీ కాగితంలో ఏడో గడి "బడి మానడానికి కారణం". అందులో ఏం రాయాలో హెడ్మాస్టరుగారు ఎప్పుడూ ఒకటే చెబుతారు: "తండ్రి కోరిక మేరకు." ఆ ముక్క నేను కళ్ళు మూసుకుని టైపు కొట్టేయగలను. ఇల్లు మారినవాళ్ళకీ అదే, ఏడుస్తూ వెళ్ళినవాళ్ళకీ అదే.

ఆ రోజు పొద్దున నా బల్ల అవతల ఎనిమిదో తరగతి పిల్ల, వాళ్ళ నాన్న కూర్చున్నారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. పని మధ్యలో వచ్చాడేమో, చొక్కాకి గ్రీజు అంటుకుని ఉంది. పిల్లకి నత్తి. తరగతిలో నలుగురు రెండు నెలలుగా రోజూ ఆ పిల్లని గోడ దగ్గర నిలబెట్టి, తన పేరు తన చేతే చెప్పించి నవ్వుతున్నారు. అది ఫోనులో రికార్డు చేసి తరగతి గ్రూపులో పెట్టారు కూడా. క్లాసు టీచరు మాత్రం "పిల్లలు సరదాగా ఆటపట్టించారు" అని రాసిచ్చింది. ఆటైతే ఇద్దరూ నవ్వాలి కదా. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని ఊరికే అన్నారా.

"మధ్యాహ్నంలోగా టీసీ ఇచ్చెయ్యమ్మా. తండ్రే అడుగుతున్నాడు," అని చెప్పి హెడ్మాస్టరుగారు పక్క గదిలోకి వెళ్ళిపోయారు.

"మీరే అడిగారా?" అన్నాను తండ్రిని.

"ఏం చెయ్యమంటారు మేడం. ముల్లొచ్చి ఆకు మీద పడ్డా, ఆకెళ్ళి ముల్లు మీద పడ్డా చిరిగేది ఆకే కదా. వేరే బడి చూసుకుంటాం."

"అయితే ముల్లు తీసి పారెయ్యాలి. ఆకుకి టీసీ ఇవ్వడమేంటి?"

ఆయన టీసీ కోసం రాసుకొచ్చిన అర్జీని నా ముందుకి జరిపాడు. నాకు ఆయన మీద కోపం రాలేదు, నా మీదే వచ్చింది. ఆ కుర్చీలోంచి ఇలాగే లేచి వెళ్ళిపోయిన పిల్లల కాగితాలన్నీ నా చేత్తో కొట్టినవే. సిగ్గేసింది.

పిల్లవైపు తిరిగాను. "టీసీ నీది తల్లీ. కారణం ఏం రాయాలో నువ్వే చెప్పు. నువ్వు చెప్పిందే కొడతాను."

"నే... నే..."

"వెళ్ళిపోతానంటోందండీ," అన్నాడు తండ్రి.

"మీరు కాస్త ఆగండి."

పిల్ల దవడ బిగుసుకుంది. నాకూ ఏదో ఒక మాట అందించాలనిపించింది. మింగేసి, కీబోర్డు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

"నే... నేను... మా... మా... మానట్లేదు."

అదే కొట్టాను. బడి మానడానికి కారణం: నేను మానట్లేదు. ప్రింటు తీసి, పక్క గదిలో హెడ్మాస్టరుగారి ముందు పెట్టాను.

"ఇదేంటమ్మా? దీని మీద సంతకం ఎలా పెడతాను?"

"పెట్టలేరు సార్. పాత మాటే కావాలంటే మీ చేత్తో రాసుకోండి. నేను రాయను."

"ఉద్యోగం చేసే పద్ధతేనా ఇది?"

"ఇన్నాళ్ళూ చేసిందే పద్ధతి కాదు."

ఈలోగా తండ్రీకూతుళ్ళు తలుపు దగ్గరికొచ్చారు. తండ్రి చేతిలో, నా బల్ల మీంచి తీసుకున్న తన అర్జీ ఉంది. దాన్ని నాలుగు ముక్కలుగా చింపి జేబులో పెట్టుకున్నాడు.

"అమ్మాయి మానదంట సార్. ఆ నలుగురి మీద ఫిర్యాదు ఇస్తుంది."

హెడ్మాస్టరుగారు ఆ కాగితాన్ని పక్కన పెట్టేశారు. "సరే, పేర్లు రాసిచ్చి వెళ్ళమనండి. నోటితో చెప్పడం కష్టం కదా."

"చె... చెబుతాను," అంది పిల్ల.

నాలుగు పేర్లూ, వాళ్ళు చేసినవీ చెప్పడానికి పావుగంట పట్టింది. మొదటి పేరు దగ్గర చాలాసేపు ఆగిపోయింది. హెడ్మాస్టరుగారు ఆ పేరు అందించబోతే వద్దన్నట్టు చెయ్యి అడ్డంపెట్టి, తనే పూర్తిచేసింది. ఆ తర్వాత ఆయన లేచి నిలబడి చివరిదాకా విన్నారు. మధ్యాహ్నంలోగా నాలుగు ఇళ్ళకీ నోటీసులు వెళ్ళాయి. పిల్ల తర్వాతి పీరియడుకి వెళ్ళి తన బెంచీలో కూర్చుంది.