ఎండ గొడుగు

నేను ఒక నల్ల గొడుగును. పుట్టింది వాన కోసమే అయినా బతికిందంతా ఎండలోనే. గుంతకల్లు బజారులో ఒక ముసలి సాయిబు నా ఎనిమిది ఊచలకూ గుడ్డ బిగించి, వంకీ పిడి తొడిగి దుకాణం ముందు వేలాడదీశాడు. ఉరవకొండ చుట్టుపక్కల పల్లెలకు నర్సమ్మ అయిన సుభద్రమ్మ నన్ను కొనుక్కుంది. ఒక చేత టీకాల పెట్టె, ఒక చేత నేను, పంతొమ్మిదేళ్లు తిరిగాం. ఆ నేలమీద వాన ఏడాదికి నాలుగుసార్లు పడితే గొప్ప. మిగతా రోజులన్నీ ఆమె నెత్తిన పడాల్సిన ఎండను నేనే తిన్నాను. అందుకని ఆమె నాదే అనుకున్నాను. గొడుగులకు అంతకు మించి తెలివి ఉండదు. మనుషులకూ ఉన్నట్టు కనబడదు.

ఉద్యోగం ముగిశాక కూతురు హిమజ తల్లినీ, తండ్రి మద్దిలేటినీ కర్ణాటకలో వానలకు పేరుపడ్డ ఆగుంబె అడవులు చూపిస్తానని కారెక్కించింది. నేనూ ఎక్కాను. ఇన్నాళ్లకు నాకు పని దొరకబోతోందని పొంగిపోయాను. తీరా అడవి దారి పట్టి వాన మొదలవగానే హిమజ సంచిలోంచి మూడు నీలం రెయిన్‌కోట్లు తీసింది.

నాకు తెలిసింది సుభద్రమ్మ అరచేయి ఒక్కటే. ఆ కోటు ఒక్క రోజులోనే ఆమెను తల నుంచి మోకాళ్ల దాకా చుట్టేసుకుంది. నేను కారు వెనక సీట్లో పడుకుని, దాని మీద జారే ప్రతి చుక్కా నాకు రావలసిందేనని కుళ్లుకున్నాను. ఏ ముల్లో తగిలి అది చిరిగిపోతే బాగుండుననుకున్నాను.

మర్నాడు జలపాతానికి బయలుదేరారు. దారి ఇరుకు, గొడుగు విప్పితే తీగలకు చిక్కుకుంటుందని దారి చూపే మనిషి చెప్పాడు. సుభద్రమ్మ నన్ను ముడిచి ఊతకర్రగా పట్టుకుంది. ఒక జలగ నా మీదికి ఎక్కి, ఏమీ దొరక్క దిగిపోయింది. పక్కన కోటు సర్రుసర్రుమంటూ తడుస్తూనే ఉంది.

ముందు హోరు వినబడింది. చెట్ల సందున తెల్లగా నీళ్లు కనబడగానే సుభద్రమ్మ ఆగిపోయింది. కాసేపటికి కోటు విప్పి బండమీద వేసి, దానిమీద నన్ను పెట్టి, తుంపర్లలోకి నడిచింది.

“అమ్మా, తడిసిపోతావు,” అంది హిమజ.

“తడవనీమ్మా. ఇన్నేండ్లూ ఏదో ఒకటి కప్పుకొనే తిరిగితి. ఇప్పుడు నాకు ఏదీ అడ్డం వద్దు.”

అడ్డం. నా పంతొమ్మిదేళ్ల చాకిరీకి ఆమె పెట్టిన పేరు అది.

ఆమె నవ్వింది. ఆ నవ్వు నేనెన్నడూ వినలేదు. మద్దిలేటి కూడా విని ఉండడు. నీళ్లవంక ఆయన చూసిన చూపు నాకు బాగా అర్థమైంది.

తిరుగు ప్రయాణం నాడు, బసలో వంట చేసే గిరిజమ్మ గోనెసంచి నెత్తిన వేసుకుని వానలో ఇంటికి పోతోంది. సుభద్రమ్మ పిలిచి నన్ను ఆమె చేతిలో పెట్టింది.

“మరి ఎండకేం చేస్తావు?” అన్నాడు మద్దిలేటి.

“వేరేది కొందాంలే.”

గిరిజమ్మ మంచిది. రోజూ నన్ను పొయ్యి పక్కన ఆరబెడుతుంది. కోరుకున్నంత వాన దొరికింది. ఊచలు తుప్పుపట్టాయి, గుడ్డకు బూజు పట్టింది. అయినా మిట్టమధ్యాహ్నం కుండపోత కురుస్తున్నప్పుడు నా ఆలోచన ఉరవకొండలో ఎండకు మాడుతున్న ఇంకో గొడుగు మీదికే పోతుంది. అది నల్లదో, పూల గొడుగో కూడా నాకు తెలియదు.