ఎదురు రాని తల్లి

దివిసీమలో ఉప్పెన వచ్చి ఊళ్ళకు ఊళ్ళు కొట్టుకుపోయాయని రేడియోలో విన్న మూడోరోజు, నా దోస్తు పర్శరాములు, అద్దెకు సైకిళ్ళిచ్చే నా సైకిల్ టాక్సీ దుకాణానికి వచ్చాడు. "ఘనీ భాయ్, మనం సైకిళ్ల మీద పోదాం. తొవ్వల ఊరూరా అడుగుదాం, దొరికింది దొరికినట్టు ఆడ ఇద్దాం" అన్నాడు. మా ఎల్లారెడ్డి నుంచి దివిసీమలోని అవనిగడ్డ దాకా! దగ్గర దగ్గర ఐదు వందల కిలోమీటర్లు. కామారెడ్డి దాకా తొక్కితేనే నా మోకాళ్ళు పట్టుకుంటాయి. "నీకు పిచ్చిగిట్ల లేసిందా?" అని కసిరాను. కసిరానే గాని, ఆ సాయంత్రమే రెండు సైకిళ్ళు విప్పి గ్రీజు పెట్టడానికి కూర్చున్నాను. నా నోటికీ చేతికీ ఎప్పుడూ పడదు.

నా భయం సైకిళ్ళ గురించి కాదు, పర్శరాములు వాళ్ళమ్మ రామవ్వ గురించి. మొగుడు ఎంకయ్య పోయాక బీడీలు చుట్టి ఇద్దరు కొడుకులను పెంచిన మనిషి. పెద్దవాడు బాలనర్సయ్య అరవై తొమ్మిదిలో, తెలంగాణ కావాలని హైదరాబాదు పోయి, పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఎనిమిదేళ్ళ తర్వాత చిన్నవాడు పర్శరాములు ఆంధ్రవాళ్ళ కోసం సైకిలెక్కుతానంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

అతను అడిగినప్పుడు నేనూ పక్కనే ఉన్నాను. రామవ్వ ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. "ఆడ చిన్నచిన్న పోరగాండ్లు కొట్టుకపోయిండ్రంటనే అవ్వ. పోయొస్త" అన్నాడు. ఆమె ఔననలేదు, కాదనలేదు. తునికాకు కత్తిరించుకుంటూనే ఉంది.

"కోపమొచ్చింది. ఇగ మాట్లాడది" అన్నాను బయటికొచ్చాక, అన్నీ తెలిసినవాడిలా.

పదిహేను రోజులు తయారయ్యాం. రోజూ పొద్దున కామారెడ్డి దాకా తొక్కి వచ్చేవాళ్ళం. మొదటి నాలుగు రోజులు నాకు కూర్చుంటే లేవరాలేదు, లేస్తే కూర్చోరాలేదు. కొత్త టైర్లు వేశాం, క్యారియర్లకు ఇనుప పట్టీలు కట్టాం. ఊళ్ళో వాళ్ళు చద్దర్లు, ధోవతులు, గొర్రెలు కాసే కుర్మోళ్ళు గొంగళ్ళు తెచ్చిచ్చారు. ఆ పదిహేను రోజులూ రామవ్వ కొడుక్కి అన్నం పెట్టింది, మాట మాత్రం పెట్టలేదు.

బయలుదేరిన పొద్దున ఊరంతా బస్టాండు దగ్గరికి వచ్చింది. నా భార్య ఖదీజా నా జబ్బకు ఇమాం జామిన్ కట్టింది, క్షేమంగా తిరిగి రావాలని. పర్శరాములుకు పక్కింటి భూమక్క బొట్టు పెట్టి హారతిచ్చింది. అతని కళ్ళు మాత్రం వాళ్ళ సందు మీదే. రామవ్వ రాలేదు. ఇంట్లో కూడా లేదు, తెల్లారకముందే ఎటో పోయిందట.

భిక్నూర్ దగ్గర సైకిలాపి చెట్టు కింద కూలబడ్డాడు. "మా అవ్వ మొఖం సుత సూపియ్యలే భాయ్. అన్నను మరిసిన అనుకుంటున్నది. నేను ఇంటికి మర్లిపోత" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "సగం జిల్లాకు చెప్పి బయలెల్లినం. తీసుకున్న బట్టలు ఏం జేస్తవ్?" అని అరిచాను. లేచాడు. ఆ తర్వాత ఏడు రోజులు ఎండలో తొక్కాడు, ఎదురుగాలిలో తొక్కాడు, ఊళ్ళో జనం బట్టలిస్తుంటే దండం పెట్టి తీసుకున్నాడు.

అవనిగడ్డ శిబిరంలో ఒక ముసలామెకు గొంగడి ఇచ్చాం. గొర్రె వాసనకు మొహం చిట్లించి, అయినా భుజాన కప్పుకుంది. ముగ్గురు కొడుకులూ నీళ్ళలో పోయారట. "మీ అమ్మ నిన్నెలా పంపిందయ్యా ఇంత దూరం?" అంది. పర్శరాములు పక్కకు పోయి ఉప్పు పేరిన బురదలో నిలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

సైకిళ్ళు లారీలకెక్కించి కామారెడ్డి చేరాం. అక్కడ దండలు వేస్తామంటే అతను ఒప్పుకోలేదు. మిగిలిన దారి తొక్కుకుంటూ ఎల్లారెడ్డి వచ్చి, నేరుగా ఇంటికి పోయాం. రామవ్వ వాకిట్లో పొయ్యి దగ్గర ఉంది. అతను సైకిల్ దిగకుండానే అడిగాడు.

"సాగనంప ఎందుకు రాలేవే అవ్వ? ఆంధ్రోళ్ళ కోసం పోయిననా?"

ఆమె తెల్లబోయింది. "ఆకలికి ఆంధ్రేంది, తెలంగాణేంది బిడ్డా? మీ అన్న పోయిననాడు బిందె వట్టుకొని నేనే ఎదురొచ్చిన. ముండమోసినదాన్ని, సోయి లేక ఎదురొచ్చిన. వాడు మల్ల రాలే. నీకు సుత ఎదురొస్తనా? నా నోటిమాట సుత తగులుతదని మాట్లాడలే. చేన్ల వోయి కూసున్న, నువ్వు పోయేదాక."

భర్త పోయిన ఆడది ప్రయాణానికి ఎదురైతే కీడని మా దగ్గర పట్టింపు. పుట్టినప్పటి నుంచి ఈ ఊళ్ళో ఉన్నవాణ్ణి, నాకు తట్టలేదు. కోపమని నేనే చెప్పాను. కన్నకొడుకును తానే చంపుకున్నానని ఆమె ఎనిమిదేళ్ళు మోస్తోంటే, మేము రాజకీయం అనుకున్నాం. చెప్పు తీసుకుని నన్ను నేను కొట్టుకోవాలనిపించింది.

పర్శరాములు సైకిల్ తిప్పి సందులోకి తీశాడు. "రా అవ్వ. ఎదురు రా" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఇరుగుపొరుగు బయటికొచ్చారు. "వద్దురా" అంది భూమక్క. అతను కదల్లేదు. ఎండ నెత్తి మీదికి వచ్చినా కదల్లేదు. చివరికి రామవ్వ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి సందు నడుమ నిలబడింది. పర్శరాములు ఆమె ముందు నుంచే తొక్కుకుంటూ పోయాడు. సందు మలుపు దాటి కనబడకుండా పోయాడు. రామవ్వ కళ్ళు గట్టిగా మూసుకుంది.

బెల్లు కొట్టుకుంటూ తిరిగొచ్చి ఆమె ముందు దిగాడు.

"కండ్లు దెరువు అవ్వ. వచ్చిన" అన్నాడు.