సవరించిన బిల్లు

భర్త చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె నడుపుతూనే, పక్కన పరిచిన అతని ఉపన్యాసాన్ని వెర్నెల్ సరిచూస్తోంది. క్లిఫ్టన్ రాష్ట్ర శాసనసభ్యుడు. అతను సభలో పలికే వాక్యాలు ఆమెవి. ఈ బిల్లు కూడా ఆమె వంటగదిలోనే పుట్టింది. కాన్పులోనో, ఆ తర్వాతనో చనిపోయిన ప్రతి స్త్రీ ఏ జాతిదో, నొప్పి అని చెప్పాక వైద్యుడు ఎంతసేపటికి వచ్చాడో ఆసుపత్రులు విధిగా వెల్లడించాలన్న నిబంధనే దాని ప్రాణం.

ఉపన్యాసంలో ఆ నిబంధన ఊసే లేదు.

"తీసేశారా?"

"తియ్యకపోతే కమిటీ దాటదు బేబీ. ‘తల్లులందరి క్షేమం’ అని పెట్టాం. వినడానికి బావుందిగా? సిబ్బందికి శిక్షణైనా దక్కుతుంది."

"తల్లులందరూ ఒకేలా చావట్లేదు క్లిఫ్టన్."

"పొద్దున్నే మొదలెట్టకు. కెమెరాకి కనపడేలా నా వెనకాల కూర్చో. డెనీస్ సంగతి నేను చెప్తాగా."

"ఏడుపొస్తే ఏడువు, గొంతు మాత్రం ఎత్తకు," అంది అత్తగారు ఒడెస్సా, కాఫీలో చక్కెర కలుపుకుంటూ. "మన నల్లవాళ్ళం గొంతెత్తితే తెల్లవాళ్ళకి వినపడేది కోపమొక్కటే."

ఒడెస్సా దగ్గర ఇలాంటి సూత్రాలు చాలా ఉన్నాయి. ఆసుపత్రికైనా చర్చికి వెళ్ళినట్టు తయారై వెళ్ళాలి, లేకపోతే మనిషిగా చూడరు అన్నది వాటిలో ఒకటి. వెర్నెల్ చెల్లెలు డెనీస్ దాన్ని తప్పకుండా పాటించింది. కాన్పైన కొద్దిరోజులకే పసిబిడ్డను ఒడెస్సా చేతికిచ్చి, తల పగిలిపోతున్నా జుట్టు చక్కగా దువ్వుకుని, పసుపుపచ్చ గౌను వేసుకుని, పెదవులకు రంగు అద్దుకుని వెళ్ళింది. నర్సు ఆమెను ఎగాదిగా చూసి, "ఇంత ముస్తాబై వచ్చావు, అంత నొప్పేముంటుందిలే," అని నవ్వి కూర్చోమంది. డెనీస్ ఆ కుర్చీలోంచి మళ్ళీ లేవలేదు.

వెర్నెల్‌కు దయ్యాల మీద నమ్మకం లేదు. చనిపోయినవాళ్ళు మాట్లాడరనీ, మాట్లాడేది మన జ్ఞాపకమేననీ ఆమెకు స్పష్టంగా తెలుసు. అయితే ఆ తెలివిడి కుళాయి చప్పుడులోంచి వచ్చే గొంతును ఆపలేకపోతోంది. గిన్నెలు తోముతున్నా, భర్త వాక్యాలు దిద్దుతున్నా ఆ కుర్చీలోంచి అదే ప్రశ్న: "అక్కా, రంగు తుడిచెయ్యనా? అప్పుడు నమ్ముతారా?"

కమిటీ గదిలో క్లిఫ్టన్ చక్కగా మాట్లాడాడు. అతని నోట డెనీస్ ‘మా ఇంట జరిగిన విషాదం’ అయింది. ఆమెకు రంగు లేదు, కుర్చీ లేదు, నవ్విన నర్సూ లేదు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంకెవరైనా మాట్లాడతారా అని అధ్యక్షుడు అడిగాడు.

వెర్నెల్ లేచింది.

"ఏంటిది? కూర్చో," అన్నాడు క్లిఫ్టన్, పెదవులు కదలకుండా.

ఆమె మైకు దగ్గరికి నడిచింది. ఇన్నాళ్ళలో మొదటిసారి చెవిలో ఏ గొంతూ లేదు. ఆ నిశ్శబ్దమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"మన క్లిఫ్టన్‌గారి శ్రీమతి కదూ!" అధ్యక్షుడు ముచ్చటగా నవ్వాడు. "అడగడం నియమం కాబట్టి అడుగుతున్నానమ్మా. పేరు చెప్పి, బిల్లును సమర్థిస్తున్నారో వ్యతిరేకిస్తున్నారో చెప్పండి."

"నా పేరు వెర్నెల్ టిల్‌మన్. ఈ బిల్లు రాసింది నేను. వ్యతిరేకిస్తున్నాను."